శనివారం నకలు

2024వ సంవత్సరం జూలై 21వ తేది, ఆదివారం. ఆ రాత్రి మదనపల్లెలో సబ్ కలెక్టరు కార్యాలయానికి నిప్పంటుకున్నది. తెల్లవారేసరికి భూములకు సంబంధించిన దస్త్రాలు కట్టలకు కట్టలే బూడిద అయి ఉన్నాయి. కాలినవి రెండువేలకు పైబడి ఉంటాయని అధికారులు చెప్పారు. మంట ఎలా పుట్టింది, అందుకు కారకులెవరు అన్నది పోలీసులు విచారించవలసిన సంగతి, న్యాయస్థానాలు తేల్చవలసిన సంగతి. మనం అందులోకి పోవద్దు. ఆ తరువాత జరిగిన పని మాత్రం మనం తెలుసుకోదగ్గది.

పిల్లలూ, కాగితాలు కాలితే పోయేదేమిటి అంటారేమో! ఒక రైతు ఉన్నాడనుకోండి. అతని తాతకు ఎప్పుడో రెండెకరాల చేనుకు పట్టా వచ్చింది. తాత ఇప్పుడు లేడు. చేను ఉన్నది. కాని అది ఈ రైతుదేనని చేను నోరు తెరిచి చెప్పదుగదా! చెప్పేది కాగితమే. ఆ కాగితం పోతే, పొరుగువాడు గట్టు జరిపినా అడగటానికి ఇతని చేతిలో ఏమీ ఉండదు.

అదృష్టవశాత్తూ, దస్త్రం అన్నది ఒక్కచోటనే పుట్టి ఒక్కచోటనే ఉండేది కాదు. గ్రామంలో మొదలైన అర్జీ మండలానికి పోతుంది. అక్కడి నుంచి సబ్ కలెక్టరుకు, ఆయన దగ్గరి నుంచి జిల్లా కలెక్టరుకు పోతుంది. ఉత్తరం పంపిన ప్రతి కార్యాలయమూ దాని నకలు ఒకటి తన దగ్గర ఉంచుకుంటుంది. అందుచేత అధికారులు ఒకవంక సగం కాలిన కాగితాలలో చదవటానికి వీలైనవాటిని ఏరిస్తూ, మరొకవంక పై కార్యాలయాలలో, కింది కార్యాలయాలలో ఉన్న నకళ్ళు వెదికించసాగారు. మదనపల్లెలో కాలినది మరొక ఊరి బీరువాలో దొరకవచ్చు. ఎన్నో ఏళ్ళ క్రితం ఎవరో గుమాస్తా విసుగుకోకుండా తీసి ఉంచిన నకలు ఈనాడు ఒక రైతు చేనును కాపాడవచ్చు.

పత్రికలో ఈ వార్త చదివిననాడు నాకు నా సొంత సంగతి ఒకటి జ్ఞాపకం వచ్చింది. అది చెప్పుకోవటానికి నాకు సిగ్గే. అయినా చెబుతాను. దానికి ముందు మీరు మదనపల్లె టమోటా మండీకి ఒకసారి రావాలి.

తెల్లవారుజామున మండీలో బళ్ళు, లారీలు కిక్కిరిసి ఉంటాయి. వేలం పాట జరుగుతుంటుంది. పాతకాలపు మండీలలో గుమాస్తా ముందు రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా. ఎవరు ఎన్ని పెట్టెలు తెచ్చారు, ఎంతకు పోయినాయి, ఎవరికి ఎంత ఇచ్చాం అన్నది జరిగింది జరిగినట్టుగా, వరసగా అందులో రాస్తారు. రెండవది ఆవర్జా. సందడి తగ్గిన తరువాత చిట్టాలోని పద్దులను ఒక్కొక్కటే ఆవర్జాలో ఎవరి పేరు కింద వాళ్ళకు ఎక్కిస్తారు. "నాకెంత రావాలి?" అని రైతు అడిగితే ఆవర్జా చూసి క్షణంలో చెబుతారు. ఆవర్జాలో పొరపాటు వస్తే చిట్టా చూసి దిద్దుతారు.

కంప్యూటరులో ఉండే డేటాబేస్ చేసేది సరిగ్గా ఇదే. డేటాబేస్ అంటే గళ్ళుగళ్ళుగా గీసిన ఒక పెద్ద ఆవర్జా అనుకోండి. బ్యాంకు ఖాతాలూ, రైలు టిక్కెట్లూ, మీ పరీక్ష మార్కులూ అన్నీ ఇటువంటి ఆవర్జాలలోనే ఉంటున్నాయి. దానికి కూడా ఒక చిట్టా ఉన్నది. కంప్యూటరువాళ్ళు దాన్ని లాగ్ అంటారు. మంచి డేటాబేస్ ఏ మార్పునైనా ముందు లాగులో రాసుకుని, ఆ తరువాతనే ఆవర్జాలో ఎక్కిస్తుంది.

ఇంత చాదస్తం ఎందుకంటారా? రామయ్య ఖాతాలోంచి 500 రూపాయలు తీసి సోమయ్య ఖాతాలో వెయ్యాలి. రామయ్య ఖాతాలో తీసివేత అయింది. సోమయ్య ఖాతాలో కలిపేలోగా కరెంటు పోయింది. ఆ 500 ఎవరివి? చిట్టా లేకపోతే ఎవరివీ కావు, గాలిలో కలిసిపోయినట్టే. చిట్టా ఉన్నది గనక, కరెంటు తిరిగిరాగానే డేటాబేస్ మొదట దాన్ని చదువుతుంది. చిట్టాలో పూర్తిగా నమోదైన పనిని ఆవర్జాలో పూర్తి చేస్తుంది. సగంలో ఆగిన పనిని అసలు జరగనట్టే రద్దు చేస్తుంది. 500 అయితే సోమయ్య దగ్గర ఉంటాయి, లేకపోతే రామయ్య దగ్గరే ఉంటాయి. మధ్యలో వేలాడవు.

చిట్టాకు మరొక గొప్ప ఉపయోగం కూడా ఉన్నది. ఆదివారం రాత్రి ఆవర్జాకు పూర్తి నకలు తీసి మరొక చోట దాచారనుకుందాం. దీన్నే బ్యాకప్ అంటారు. బుధవారం మధ్యాహ్నం ఆవర్జా పాడైంది. అప్పుడు ఆదివారం నకలును తెచ్చి, సోమవారం నుంచి బుధవారం దాకా ఉన్న చిట్టాను వరసగా దానిలో ఎక్కిస్తే, పాడవటానికి ఒక్క నిమిషం ముందు ఎలా ఉన్నదో అలాగే ఆవర్జా తిరిగి లేస్తుంది. కాని ఒక షరతు: చిట్టా, ఆవర్జా ఒకే పెట్టెలో ఉండగూడదు. పెట్టె కాలితే రెండూ కాలుతాయి.

ఇక నా సంగతి.

పుంగనూరుకు కొద్ది దూరాన ఒక పల్లె బడిలో నేను ప్రధానోపాధ్యాయుడుగా ఉండేవాణ్ణి. మా బడిలో పిల్లల ప్రవేశ పుస్తకం బాగా పాతది. బడిలో చేరిన ప్రతి పిల్లవాడి పేరూ, తండ్రి పేరూ, పుట్టిన తేదీ, గుర్తుకోసం రెండు పుట్టుమచ్చలూ అందులో రాసి ఉంటాయి. ఆ బడిలో చదివినవాడు ఎప్పుడు ఏ ఉద్యోగానికి పోయినా పుట్టిన తేదీకి ఆ పుస్తకమే సాక్ష్యం. ముట్టుకుంటే అంచులు పొడి అయ్యేవి. అందుకని ఒక వేసవి సెలవులలో నేనూ, పై తరగతి పిల్లలు నలుగురూ కూర్చుని 1,640 పేర్లు బడి కంప్యూటరులో ఎక్కించాం. ఎక్కించిన గర్వంతో పాత పుస్తకాన్ని చిన్నచూపు చూశాం. అది సామాను గదిలో అడుగు అరలోకి చేరింది.

బళ్ళు తెరిచినది మొదలు ప్రతి శనివారం సాయంత్రం నేనే స్వయంగా ఆ లెక్కను ఒక పెన్ డ్రైవులోకి ఎక్కించి, జేబులో వేసుకుని ఇంటికి తెచ్చుకునేవాణ్ణి. పదిహేడు శనివారాలు, ఒక్కటి కూడా తప్పలేదు. అక్టోబరులో ఒక రాత్రి పెద్ద వాన, ఉరుములు, పిడుగులు. మర్నాడు మా కంప్యూటరు లేవలేదు. లోపలి డిస్కు మాడిపోయింది. నేను ఏమాత్రం కంగారుపడలేదు. జేబులో పెన్ డ్రైవు ఉన్నదిగదా!

పుంగనూరులో ఒక ఇంటర్నెట్ కేంద్రానికి పోయి దాన్ని కంప్యూటరుకు తగిలించాం. తెర మీద మా పుస్తకం బొమ్మ కనిపించింది. బొమ్మ మూలన ఒక చిన్న బాణం గుర్తు ఉన్నది. దాన్ని నొక్కితే ఏమీ తెరుచుకోలేదు. నాతో వచ్చిన తొమ్మిదో తరగతి కుర్రవాడు తెర వంక చూసి, నా వంక చూసి, మెల్లిగా అన్నాడు: "సార్, ఇది పుస్తకం కాదు సార్. పుస్తకం ఎక్కడున్నదో చెప్పే చీటీ."

వాడు చెప్పింది నిజం. తొందరగా తెరవటానికి వీలుగా కంప్యూటరు ముఖం మీద పెట్టుకునే గుర్తునే పదిహేడు శనివారాలు నకలు తీశాను. "ఫలానా బీరువాలో ఉన్నది" అనే చీటీ నా జేబులో భద్రంగా ఉన్నది. బీరువా కాలిపోయింది.

బడికి తిరిగిపోయి పాత పుస్తకం కోసం చూస్తే, వాన నీరు కారి అడుగు అర తడిసి, చెదలు సగం పుస్తకాన్ని తినేశాయి. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

తరువాత కూడదీసే పని మొదలుపెట్టాం. చెద తినని పేజీలు ఒకటొకటే విడదీసి నీడన ఆరబెట్టాం. బదిలీ సర్టిఫికెట్ల పుస్తకంలో మిగిలిన మొదళ్ళు చూశాం. పదో తరగతి పరీక్షకు పంపిన జాబితాల నకళ్ళు చూశాం. పాత హాజరు పట్టీలు చూశాం. మా బడికి పిల్లలను పంపిన ప్రాథమిక పాఠశాలలకు సైకిళ్ళ మీద పోయి వారి పుస్తకాలు చూశాం. ఇంత చేస్తే, ఎక్కించటానికి ఒక వేసవి పట్టిన పని తిరిగి కూడటానికి ఆరు నెలలు పట్టింది. 1,640 పేర్లలో పదకొండు మాత్రం దొరకలేదు. పోనీలే, పదకొండేగదా అనుకున్నాను. ఆ పదకొండు మందిలో ఒకతను మరుసటి ఏడు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఉద్యోగం దరఖాస్తుకు పుట్టిన తేదీ ధ్రువపత్రం కావాలి, గడువు మూడు రోజులు. నేను ఇవ్వలేకపోయాను. గడువు దాటిపోయింది. "పర్వాలేదు సార్" అని వెళ్ళిపోయాడు. అతను నన్ను నాలుగు తిట్టినా నాకు అంత బాధ ఉండేది కాదు.

ఇన్నేళ్ళ తరువాత నాకు అర్థమైంది ఇది: నకలు తీయటం సగం పని. తీసిన నకలును తెరిచి చదివి చూడటం మిగతా సగం. పదిహేడు శనివారాలలో ఒక్క శనివారం ఇంటి దగ్గర దాన్ని తెరిచి ఒక్క పేరు చదవటానికి ప్రయత్నించి ఉంటే చాలు.

పల్లెటూరి పంతులు కాబట్టి ఇలా పొరబడ్డాడని అనుకోకండి. గిట్‌ల్యాబ్ అని ఒక పెద్ద సంస్థ ఉన్నది. ప్రోగ్రాములు రాసేవాళ్ళు ప్రపంచం నలుమూలల నుంచి తమ పనిని అందులో దాచుకుంటారు. 2017 జనవరి 31వ తేది రాత్రి అక్కడి ఇంజనీరు ఒకాయన పొద్దుపోయేదాకా పనిచేస్తున్నాడు. ఆయన ముందు రెండు డేటాబేస్‌లు ఉన్నాయి. ఒకటి అసలుది, రెండవది దాన్ని చూసి రాసుకునే జంటది. జంటదానిలోని పాత సరుకు తుడిచివెయ్యాలనుకుని, పొరపాటున అసలుదానికి తుడిచే ఆజ్ఞ ఇచ్చాడు. ఒకటి రెండు సెకన్లలోనే తెలుసుకుని ఆపాడు. ఏం లాభం? సుమారు 300 గిగాబైట్లలో నాలుగున్నర మాత్రమే మిగిలాయి.

వాళ్ళు నకళ్ళ కోసం వెదికారు. ఒకటి కాదు, ఐదు రకాల ఏర్పాట్లు ఉన్నాయి. ఐదింటిలో ఏదీ సరిగా అక్కరకు రాలేదు! రోజూ నకలు తీయవలసిన ప్రోగ్రాము పాతరకంది కావటంతో కొత్త డేటాబేస్‌తో దానికి పొసగక, పని చెయ్యటమే మానేసింది. మానేశానని అది ఉత్తరాలు పంపుతూనే ఉన్నది. ఆ ఉత్తరాలు దారిలోనే తిరస్కరించబడి ఎవరికీ చేరలేదు. చివరకు వాళ్ళను కాపాడింది, ఆ ఇంజనీరే ఆరు గంటల ముందు మరేదో పరీక్ష కోసం తీసి ఉంచిన నకలు. ఆ ఆరు గంటల లెక్క మాత్రం పోయింది. సుమారు 700 మంది కొత్త సభ్యుల ఖాతాలు అందులో పోయాయి. కాని ఆ సంస్థవారిని నేను మెచ్చుకుంటాను. జరిగినదంతా దాచకుండా లోకానికి చెప్పారు. తిరిగి నిలబెట్టే పనిని అందరూ చూసేటట్టు ప్రసారం చేశారు. ఇంజనీరును నిందించలేదు; నకళ్ళను ఎవరూ పరీక్షించకపోవటమే తప్పు అన్నారు.

జంట డేటాబేస్ ఉన్నదిగదా, అది నకలు కాదా అని మీలో తెలివైనవారు అడుగుతారు. మంచి ప్రశ్న! అద్దం ముందు నిలబడి మీ నుదుటి బొట్టు తుడిచివెయ్యండి. అద్దంలోని వాడి నుదుట మాత్రం ఉంటుందా? జంట కూడా అద్దం వంటిదే. అసలు కంప్యూటరు చెడిపోతే అది ఆదుకుంటుంది. అసలులో పొరపాటున ఒక ఖాతా తుడిచివేస్తే, అది వెంటనే తన దగ్గరా తుడిచివేస్తుంది. నకలు అద్దం వంటిది కాదు, ఫొటో వంటిది. నిన్నటి ఫొటోలో నిన్నటి బొట్టు ఉంటుంది.

అయితే ఒక్క ఫొటో కూడా చాలదు. కొన్ని తప్పులు వెంటనే బయటపడవు. పది రోజుల క్రితం చెడిన లెక్క ఈనాడు కనిపిస్తే, నిన్నటి నకలులో కూడా ఆ చెడే ఉంటుంది. అందుకని రోజువారీ నకలు, వారం నకలు, నెల నకలు వేరువేరుగా ఉంచుతారు. కంప్యూటరువాళ్ళు దీన్ని తాత, తండ్రి, కొడుకు పద్ధతి అంటారు. కొడుకు తప్పు చెబితే తండ్రిని, తండ్రికీ తెలియకపోతే తాతను అడగవచ్చు.

మన పెద్దలకు ఈ సంగతి తెలియనిది కాదు. తాటాకు ఎంత బాగా దాచినా ఏనాటికైనా పాడయ్యేదే. పురుగు పట్టకుండా నూనె రాసేవారు, బట్టలో చుట్టి చెక్కల మధ్య బిగించి కట్టేవారు. పాతబడిన గ్రంథాన్ని కొత్త ఆకుల మీదికి ఎత్తి రాసేవారు. కడపలో ఉద్యోగం చేసిన బ్రౌను దొర పండితులకు జీతాలిచ్చి పెట్టుకుని, ఒక్కొక్క కావ్యానికి దొరికినన్ని ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూయించి శుద్ధ ప్రతులు రాయించాడు. ఒక ప్రతిలో చెద తిన్న పద్యం మరొక ప్రతిలో దొరికేది. ఇక రాగిరేకును చెద తినలేదుగదా అంటారు. తాళ్ళపాక అన్నమాచార్యులు 32,000 సంకీర్తనలు చెప్పాడని ఆయన మనుమడు రాశాడు. వాటిని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల ఆలయంలో ఒక అరలో భద్రపరిచారు. ఈనాడు మనకు దక్కినవి అందులో సగం కంటే తక్కువే. మిగతావి ఎంత గట్టి లోహం మీద ఉన్నా, వాటికి మరొకచోట ప్రతి లేనందున మనకు లేవు.

మరొకచోట అన్న మాట తేలికగా తీసుకోకండి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో డేజన్ నగరాన, ప్రభుత్వ కంప్యూటర్లు ఉండే భవనంలో బ్యాటరీలు అంటుకుని మంటలు చెలరేగాయి. ఎన్నో ప్రభుత్వ సేవలు ఆగిపోయాయి. చాలావాటికి వేరేచోట నకళ్ళు ఉండటంతో అవి మెల్లగా లేచాయి. ఉద్యోగులు తమ పనికాగితాలు దాచుకునే ఒక పెద్ద కంప్యూటరు భాండాగారానికి మాత్రం బయట నకలు లేదు. అది చాలా పెద్దదిగనక తీయటం కష్టమని వదిలేశారు. 858 టెరాబైట్లు కాలిపోయాయి. 128 గిగాబైట్ల సెల్ ఫోన్లు సుమారు 6,700 నిండేటంత సరుకు అది. పెద్దదని నకలు తీయలేదు. పెద్దది గనకనే అంత నష్టం వచ్చింది.

ఉద్యోగం మానిన తరువాత నేను ఒక పని పెట్టుకున్నాను. పుంగనూరు చుట్టుపక్కల పల్లెలకు పోయి, చెరువుల పేర్లూ, కుంటల పేర్లూ, ఏ కాలువ ఎక్కడి నుంచి ఎక్కడికి పోయేదీ పెద్దవాళ్ళను అడిగి రాసుకుంటున్నాను. కొన్ని కుంటలు ఇప్పుడు చదునుచేసిన చేలు. పేరు ఒక్కటే మిగిలింది. నాకు ఆ పేర్లు చెప్పిన ముసలివాళ్ళలో ముగ్గురు ఈ రెండేళ్ళలో కాలం చేశారు. బడి పుస్తకం పోతే ప్రాథమిక పాఠశాలకు పోయి అడిగాను. ఈ లెక్క పోతే ఎవరిని అడగను?

అందుచేత నోటు పుస్తకం, కంప్యూటరు నా దగ్గర మదనపల్లెలో ఉన్నాయి. ఒక నకలు పుంగనూరులో ఒక మిత్రుడి ఇంట ఉన్నది. మూడవది పలమనేరు, వి.కోట దాటి కుప్పంలో ఉన్నది. అక్కడ మా చెల్లెలి కొడుకు ఉన్నాడు. 2002లో హ్యూలెట్ పాకర్డ్ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి కుప్పం ప్రాంతపు పల్లెలలో కంప్యూటరు కేంద్రాలు పెట్టినప్పుడు, వాడు నిక్కరు వేసుకుని వాటి చుట్టూ తిరిగినవాడు. ఇప్పుడు నాకు గురువు. నకలుతో పాటు వరసల లెక్క, ఒక కూడిక కూడా పంపమంటాడు. అక్కడ ఆ కూడిక సరిపోకపోతే దారిలో ఏదో జారిపోయిందన్నమాట. బజారులో చిల్లర లెక్కపెట్టి తీసుకోవటం వంటిదే ఇది.

ప్రతి నెలా మొదటి శనివారం వాడు కుప్పంలో ఆ నకలును వేరే కంప్యూటరులో తెరుస్తాడు. తనకు తోచిన వరస ఒకటి ఎంచుకుంటాడు. ఫోను చేస్తాడు. ఈ నెల కూడా చేశాడు.

"మామా, 412వ వరస. పుస్తకం తీసుకున్నావా?"

"ఉండు, కళ్ళజోడు పెట్టుకోనీ."

వాడు కుంట పేరు చదివాడు. దాని కింద పారే పొలం చదివాడు. పేరు చెప్పిన ముసలాయన ఊరు చదివాడు. నేను పుస్తకంలో వేలు పెట్టి ఒక్కొక్కటే చూసుకున్నాను. అన్నీ సరిపోయాయి. పక్కన పెన్సిలుతో తేదీ వేసి, టిక్కు పెట్టాను.